గురువు లేని విద్య

గురువు లేని విద్య గుడ్డి విద్య అని సామెత. ఎవరి దగ్గరా కూర్చోకుండా సొంతంగా నేర్చుకున్నవాణ్ణి లోకం కాస్త అనుమానంగానే చూస్తుంది. భారతీయ తత్త్వశాస్త్రంలో ప్రమాణచర్చ అనే పెద్ద వాదానికి మూలం ఇలాంటి సందేహమే. ఒక సంగతి మనిషికి తెలిసిందని ఎప్పుడు అనాలి? కళ్లారా చూసినప్పుడా, ఆలోచించి తేల్చుకున్నప్పుడా, నమ్మదగినవాడు చెప్పగా విన్నప్పుడా? శాస్త్రం వీటికి పెట్టిన పేర్లు ప్రత్యక్షం, అనుమానం, శబ్దం. (తెలుగులో అనుమానం అంటే సందేహం. శాస్త్రంలో అది సరిగ్గా తిరగబడి, హేతువును బట్టి నిశ్చయానికి రావడం అవుతుంది.) గురుకులం, మఠం, విశ్వవిద్యాలయం ప్రధానంగా శబ్దం మీద నిలబడ్డ సంస్థలు. ఊళ్లు తిరిగి, దొరికిన పని చేసి, చేతికందిన పుస్తకం చదివి నేర్చుకునేవాడికి మొదటి రెండే దిక్కు. అలా వచ్చిన జ్ఞానం ప్రమాణమవుతుందా, అయితే దాన్ని ఎవరు సరిచూడాలి అన్న ప్రశ్న ఉపనిషత్తుల కాలం నుంచీ నలుగుతూనే ఉంది. 20వ శతాబ్దంలో ఈ ప్రశ్నకు అందరికన్నా పెద్ద ఉదాహరణ రాహుల్ సాంకృత్యాయన్.

ఉపనిషత్తులు పైకి గురువు పక్షానే మాట్లాడతాయి. బ్రహ్మజ్ఞానం కావాలంటే చేత సమిధలు పట్టుకుని శ్రోత్రియుడైన గురువు దగ్గరికి వెళ్లమని ముండకం చెబుతుంది. ఈ తెలివి తర్కంతో దొరికేది కాదని కఠం అంటుంది. అయితే ఛాందోగ్యంలోని సత్యకామ జాబాలుడి కథ దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం అంత సూటిగా ఉండదు. తండ్రి ఎవరో, గోత్రం ఏమిటో తెలియని కుర్రవాడు అతను. తల్లి జబాల పరిచారికగా నలుగురిళ్లలో పనిచేసిన మనిషి. ఆమె చెప్పిన నిజాన్ని దాచకుండా గౌతముడి ముందు ఒప్పుకున్నందుకు అతనికి ఉపనయనం దొరికింది. ఆ వెంటనే దొరికింది మాత్రం పాఠం కాదు, పశువుల కాపరి పని. బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను అప్పజెప్పి తోలుకుపొమ్మన్నాడు గురువు. ఇవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని చెప్పి శిష్యుడు అడవికి వెళ్లిపోయాడు.

ఏళ్లు గడిచి మంద వెయ్యికి చేరాక, తిరుగుదారిలో అతనికి బ్రహ్మాన్ని నాలుగు పాదాలుగా చెప్పినవి ఒక ఎద్దు, సాయంత్రం రాజేసుకున్న నిప్పు, ఒక హంస, ఒక నీటికాకి. ఆశ్రమంలో అడుగుపెట్టగానే అతని ముఖం చూసి, బ్రహ్మం తెలిసినవాడిలా వెలుగుతున్నావు, ఎవరు చెప్పారని గురువు అడిగాడు. మనుషులు కాదు అన్నది జవాబు. అయినా, ఆచార్యుడి నోట విన్న విద్యే నిలుస్తుందని పెద్దలు అంటారు గనుక మీరూ చెప్పండని అడిగాడు. గురువు అదే చెప్పాడు, అందులో ఏదీ తగ్గలేదని ఉపనిషత్తు ప్రత్యేకంగా ముక్తాయిస్తుంది. కథలో బరువున్న చోటు ఇదే. గురువు కొత్తగా చేర్చినదేమీ లేదు. ఆయన చేసిందల్లా శిష్యుడు బయట నేర్చుకొచ్చినదాన్ని విని, సరే అనడం.

ఐతరేయ బ్రాహ్మణంలో హరిశ్చంద్రుడి కొడుకు రోహితుణ్ణి ఇంటికి వెళ్లనివ్వకుండా ఇంద్రుడు మళ్లీ మళ్లీ అడవికే తిప్పి పంపుతాడు. చరైవేతి, అంటే నడుస్తూనే ఉండు, అన్న మాట అక్కడిదే. భాగవతం ఏకాదశ స్కంధంలో యదువుకు ఎదురైన అవధూత మరో అడుగు ముందుకు వేసి, తనకు ఇరవై నలుగురు గురువులని లెక్క చెబుతాడు. నేల, గాలి, కొండచిలువ, తేనెటీగ, పింగళ అనే వేశ్య, బాణాలు చేసేవాడు అందులో ఉన్నారు. రాజుగారి ఊరేగింపు మేళతాళాలతో పక్కనుంచి వెళ్లినా బాణాల పనివాడు తల ఎత్తలేదు; ఏకాగ్రత పాఠం అక్కడ దొరికింది. ఇంటికొచ్చిన చుట్టాల కోసం వడ్లు దంచుతున్న పిల్ల, గాజులు గలగలమంటే తమ లేమి బయటపడుతుందని ఒక్కొక్కటే తీసేసి చేతికి ఒకటి చొప్పున ఉంచుకుంది. ఒంటరితనం పాఠం ఆ గాజులది. తెలుగు భాగవతంలో ఈ స్కంధం పోతన రాసింది కాదు, ఆయన శిష్యుడు వెలిగందల నారయ పూర్తిచేసింది. గురువు లేకుండా నేర్చుకున్నవాడి కథ గురువు వదిలిన పనిని అందుకున్న శిష్యుడి చేతి మీదుగా తెలుగుకు రావడం ముచ్చటైన యాదృచ్ఛికం. అవధూత ఇరవై నలుగురిలో ఒక్కరూ తాము గురువులమని అనుకోలేదు, ఏదీ బోధించలేదు. ఎవరి దగ్గర ఏది తీసుకోవాలో, ఎక్కడ ఆపాలో తేల్చుకున్నది అవధూత బుద్ధే.

నైయాయికులు ఈ చిక్కును ఆప్తుడు అన్న మాటతో విప్పబోయారు. ఆప్తుడంటే సంగతిని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్టు చెప్పాలని కోరేవాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ ఒకటేనని న్యాయసూత్రాల భాష్యకారుడు వాత్స్యాయనుడు స్పష్టంగా రాశాడు. సంచారం చేసి నేర్చుకునేవాడికి ఇంతకన్నా పెద్ద అనుమతిపత్రం ఉండదు. కొండదారి సంగతి వచ్చినప్పుడు వేదపండితుడికన్నా కంచరగాడిదలు తోలేవాడే ఆప్తుడు.

బౌద్ధులకు ఇదీ చాలలేదు. దిఙ్నాగుడు ప్రమాణాలు రెండే అన్నాడు, ప్రత్యక్షమూ అనుమానమూ. శబ్దాన్ని వేరే ప్రమాణంగా లెక్కపెట్టకుండా అనుమానంలో కలిపేశాడు: ఎవరైనా చెప్పింది నమ్ముతున్నామంటే, అతను నమ్మదగినవాడని మనం ముందు తేల్చుకున్నట్టే గదా. దిఙ్నాగుడు తెలుగునేలకు కొత్తవాడేమీ కాదు. ఆయన హేతువిద్యా గ్రంథం రచించిన చోటు వేంగీ నగరానికి నైరుతి దిక్కున ఉన్న ఒంటరి కొండ అని 7వ శతాబ్దంలో వచ్చిన చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాసిపెట్టాడు. దిఙ్నాగుడి ప్రమాణసముచ్చయాన్ని విస్తరిస్తూ ధర్మకీర్తి రాసినది ప్రమాణవార్తికం. వేదప్రామాణ్యాన్నీ కులగర్వాన్నీ ఒకే గాటన కట్టి, రెండూ బుద్ధిమాంద్యమేనని కొట్టిపారేసిన తార్కికుడు ధర్మకీర్తి. ఆగమాన్ని ఆయన పూర్తిగా వదిలెయ్యలేదు. కంటికీ యుక్తికీ అందని విషయాల్లో, అందే విషయాల్లో తప్పు దొరకని గ్రంథాన్ని వేరే గతిలేక ఆధారం చేసుకోవచ్చునన్నాడు. ఈ వేరే గతిలేక అన్న ఒప్పుకోలులో ఎంతో నిజాయితీ ఉంది.

వీళ్లందరికీ వెనక బుద్ధుడు కేసపుత్తంలో కాలాములకు చేసిన ఉపదేశం ఉంది. సంప్రదాయం అని గానీ, గ్రంథంలో ఉందని గానీ, ఈ శ్రమణుడు మా గురువు అని గానీ దేన్నీ పట్టుకోవద్దన్నాడు. ఆ జాబితాలో వట్టి తర్కం కూడా ఉందన్న సంగతి హేతువాదులు తరచు మరిచిపోతుంటారు. మజ్ఝిమనికాయంలో ధర్మాన్ని తెప్పతో పోల్చి, ఏరు దాటాక దాన్ని నెత్తిన మోసుకు తిరగనక్కర్లేదన్నాడు. బౌద్ధంలో ప్రత్యేకబుద్ధుడు అనే వర్గం కూడా ఉంది. గురువు లేకుండా తనంత తాను బోధి పొందినవాడు. అయితే అతను మరొకరికి బోధించడు. ఖడ్గమృగంలా ఒంటరిగా తిరిగి, ఒంటరిగానే వెళ్లిపోతాడు. సొంతంగా నేర్చుకున్న చదువుకు ఉన్న ప్రమాదాన్ని ఇంత సున్నితంగా గుర్తుపట్టిన సంప్రదాయం అరుదు.

రాహుల్ సాంకృత్యాయన్ 1893 ఏప్రిల్ 9న ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లా పందహా గ్రామంలో, అమ్మమ్మగారింట పుట్టాడు. పెట్టిన పేరు కేదారనాథ్ పాండే. పెంచినది మాతామహుడు. ఆయన ఒకప్పుడు పటాలంలో సిపాయిగా దక్కన్ అంతా తిరిగినవాడు. రాత్రిళ్లు మనవడికి ఆ ప్రయాణాల ముచ్చట్లు చెప్పేవాడు. బళ్లో ఉర్దూ వాచకంలో, యౌవనం ఉన్నప్పుడే లోకం చుట్టి రమ్మనే ఒక పద్యం కంటబడింది. తర్వాతి జీవితానికంతా అదే మంత్రమైందని ఆయనే రాసుకున్నాడు. పదకొండేళ్లకే పెళ్లి చేశారు. నెయ్యి ఒలికిపోయింది, ఇంట్లో తిడతారన్న భయంతో పద్నాలుగో ఏట కలకత్తా పారిపోయాడు. అక్కడ కడుపు నింపుకోవడానికి చిల్లర కొలువులు చేశాడు, తిరిగి వచ్చాడు, మళ్లీ పోయాడు. చివరికి మిడిల్ స్కూలు పరీక్షే ఆయన బడిచదువుకు ఆఖరి మెట్టు.

1910లో హిమాలయాల దారి పట్టాడు, తర్వాత కాశీలో సంస్కృతం చదివాడు. 1912లో బీహార్ సారణ్ జిల్లాలోని పరసా మఠానికి చేరి రాముదారదాస్ అనే వైష్ణవ సాధువయ్యాడు. మహంతుకు వారసుడు కూడా అతనే. ఆస్తులున్న మఠం, ఏనుగు స్వారీ అందే యోగం. ఏడాది తిరక్కుండా అక్కణ్ణుంచీ జారుకుని దక్షిణాదికి వచ్చి, మద్రాసు దగ్గరి తిరుమళిశైలో ఉండి విశిష్టాద్వైతం చదివాడు. 1915 నాటికి ఆగ్రాలో ఆర్యసమాజ ప్రచారకుల విద్యాలయంలో అరబ్బీ నేర్చుకుంటున్నాడు. సహాయనిరాకరణ ఉద్యమంలో దిగి, బక్సర్, హజారీబాగ్ జైళ్లు చూశాడు. 1927లో సింహళం వెళ్లి కెలనియలోని విద్యాలంకార పరివేణంలో సంస్కృతం చెబుతూ పాళీ నేర్చుకున్నాడు, త్రిపిటకాచార్య అనిపించుకున్నాడు. 1930లో అక్కడే భిక్షువయ్యాడు. బుద్ధుడి కొడుకు పేరు రాహులుడు, తన గోత్రం సాంకృత్యం. లోకానికి తెలిసిన పేరు అప్పటిది. 1930ల చివరికి కాషాయం వదిలి బీహార్ కిసాన్ ఉద్యమంలో లాఠీదెబ్బ తిన్నాడు, కమ్యూనిస్టు పార్టీలో చేరాడు.

ఈ వరసను చూసి నిలకడలేనితనం అనడం తేలిక. దగ్గరికి వెళ్లి చూస్తే, చేరిన ప్రతి చోటా ఆయన పట్టుకున్నది ఆ మతం చేతిలోని పనిముట్టును. వైష్ణవ మఠంలో సంస్కృతం, ఆర్యసమాజంలో అరబ్బీ, వాదనా పద్ధతి, సింహళంలో పాళీ, టిబెట్‌లో టిబెటన్. గొడుగు మారింది గానీ దాని కింద నేర్చుకున్న భాష ఎక్కడికీ పోలేదు. ఆయనకు ముప్పైకి పైగా భాషలు వచ్చునని చెప్పుకుంటారు. అందులో ఎన్ని మాట్లాడేవో, ఎన్ని కూడబలుక్కుని చదివేవో విడదీసి చెప్పినవాళ్లు తక్కువ. అంకె సంగతి అలా ఉంచినా, సంస్కృతం, పాళీ, టిబెటన్ మూడూ ఒకే మనిషిలో కలవడమే అసలు విశేషం. ఆ కలయిక అప్పట్లో ఏ ఒక్క విద్యాపీఠంలోనూ సులువుగా కుదిరేది కాదు.

1929లో టిబెట్‌కు ఆయన వెళ్లిన తీరు ఈ చదువు ఎలాంటిదో చూపిస్తుంది. బ్రిటిష్ ఇండియా నుంచి వెళ్లేవారికి ఆ దారి మూసి ఉంది. శివరాత్రికి పశుపతినాథ దర్శనానికి వచ్చే యాత్రికుల గుంపులో కలిసి నేపాల్ చేరాడు. అక్కడ వేషం మార్చి బిచ్చగాడి బట్టల్లో సరిహద్దు దాటాడు. తోడు సుమతి అనే మంగోల్ భిక్షువు. మధ్యలో పదహారు పదిహేడు వేల అడుగుల ఎత్తున థోంగ్లా కనుమ. అక్కడ దొంగలు ముందు చంపి, తర్వాత జేబు వెతుకుతారు. బిచ్చగాడి దగ్గర ఏముంటుంది? ఎదురుపడ్డవాడి ముఖం బాగా లేదనిపిస్తే టోపీ తీసి, నాలుక బయటపెట్టి, దయచూడండి, ఒక్క పైసా అని టిబెటన్‌లో అడుక్కోవడమే ఉపాయం. దిగువకు వచ్చేటప్పుడు ఆయన గుర్రం నత్తలా నడిచింది. దారి రెండుగా చీలిన చోట ఎడమకు తిరిగి మైలున్నర పోయాక ఎవరినో అడిగితే, కుడివైపు వెళ్లాల్సిందన్నారు. సాయంత్రానికి ఊరు చేరితే సుమతి కోపంతో ఎర్రబడి ఉన్నాడు. రెండు బుట్టల పిడకలు తగలేశాను, టీ మూడుసార్లు వెచ్చబెట్టాను అన్నది అతని ఫిర్యాదు. ఆప్తుడి మాట వినకుండా ప్రత్యక్షాన్ని నమ్ముకుని నడిస్తే అయ్యే ఖర్చు, పిడకల్లో.

ఆ సుమతికి దారి పొడవునా శిష్యులున్నారు. బోధ్ గయ నుంచి తెచ్చిన గుడ్డపీలికలను రక్షలుగా ముడివేసి ఇస్తే వాళ్లు దక్షిణ ఇచ్చేవారు. గయ గుడ్డ అయిపోతే ఏ గుడ్డైనా గయ గుడ్డే అయ్యేది. శేకర్ దగ్గర గుడిలో కంజూర్, అంటే బుద్ధవచనాల టిబెటన్ అనువాదం, నూట మూడు సంపుటాలు కనిపించాయి. మందపాటి కాగితం మీద పెద్ద అక్షరాలతో చేత్తో రాసినవి. ఒక్కో సంపుటం పదిహేను సేర్లు, ఇప్పటి లెక్కలో పద్నాలుగు కిలోల దాకా బరువు. అంతకుముందు శిష్యుల దగ్గరికి పోతానంటే కాలయాపన అవుతుందని సుమతిని ఆపుతూ వచ్చిన రాహుల్, ఇప్పుడు నిరభ్యంతరంగా వెళ్లి రమ్మన్నాడు. ఆయనేమో పోథీల మధ్య కూర్చుండిపోయాడు. ఒకే మతం, ఒకే దారి. ఒకడు మాట మీద నమ్మకాన్ని పీలికలుగా పంచడానికి పోయాడు, ఇంకొకడు ఆ మాట మూలంలో ఎలా ఉందో చూడ్డానికి కూర్చున్నాడు. ప్రమాణచర్చ మొత్తం ఆ గుడి ముంగిట్లో కనిపిస్తుంది. ఇందులో సుమతిని తక్కువ చేయడానికేమీ లేదు. అతని పరపతి లేకపోతే ఆ దారిలో రాహుల్‌కు రాత్రిపూట తలదాచుకునే చోటు దొరకడం కష్టమయ్యేది.

1929 జులైలో లాసా చేరి, మరుసటేడు తిరిగి వచ్చేటప్పుడు ఇరవై రెండు కంచరగాడిదల మీద గ్రంథాలు, పటచిత్రాలు తెచ్చి పట్నా మ్యూజియానికి ఇచ్చేశాడు. 1934, 1936, 1938 సంవత్సరాల్లో మళ్లీ వెళ్లాడు. ఈసారి వెతుకులాట తాళపత్రాల కోసం. నలంద, విక్రమశిల నాశనమయ్యాక భారతదేశంలో కనుమరుగైన సంస్కృత బౌద్ధ గ్రంథాలు శాలూ, ఙోర్, శాక్య మఠాల్లో దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. 1934 ప్రయాణంలో వెంట ఉన్నది టిబెటన్ పండితుడు గెందున్ ఛోఫెల్. అతనూ ఆ తర్వాత ఇండియా అంతా తిరిగి నేర్చుకున్నవాడే. కొన్ని ప్రతులను ఫొటో తీశారు, కొన్నిటిని చేత్తో నకలు చేసుకున్నారు. ధర్మకీర్తి ప్రమాణవార్తిక మూలం, దాని మీది వ్యాఖ్యలు ఆ ప్రయాణాల్లో బయటపడ్డాయి. శబ్దం స్వతంత్ర ప్రమాణం కాదని వాదించిన పుస్తకాన్ని, పట్టా లేని మనిషి కొండలు దాటి వెతికి తెచ్చాడు.

అనుభవానికి సిద్ధాంతరూపం కూడా ఇచ్చాడు. 1940ల చివర రాసిన ఘుమక్కడ్ శాస్త్రం మొదటి అధ్యాయానికి బ్రహ్మసూత్రాల మొదటి సూత్రాన్ని అనుకరిస్తూ పేరు పెట్టి, బ్రహ్మం స్థానంలో సంచారిని కూర్చోబెట్టాడు. పైకి చమత్కారమే, లోపల గట్టి పట్టుదల ఉంది. ఇల్లు వదలాలంటే ముందు చదువుండాలి, ఒక వయసు రావాలి, చేతిలో పని ఉండాలి అంటాడు. ఎవరి మీదా పడి తినకూడదు. అందుకు ఆయన సూచించినవి క్షౌరం, ఫొటోగ్రఫీ లాంటివి, ఏ ఊళ్లోనైనా అక్కరకొచ్చేవి. వేదాంతం చెప్పేవాడికన్నా మంగలికి లోకమంతటా ముందు చోటు దొరుకుతుందన్న ఎరుక అది. పనివల్ల తిండి దొరకడం ఒక్కటే కాదు. కత్తెర పట్టుకున్నవాడి ముందు ఊరు నోరు విప్పుతుంది. గ్రంథాలయంలో దొరకని సంగతులు అప్పుడు తెలుస్తాయి. ఆడవాళ్లూ ఇలా తిరగాలంటూ అందులో ఒక అధ్యాయమే కేటాయించాడు.

ఆయన సొంత జీవితంలో మాత్రం కత్తెరకన్నా కాషాయం ఎక్కువ పనిచేసింది. సాధువుకు సత్రంలో పడక, మఠంలో అన్నం, రైల్లో చూసీచూడనట్టు పోయే టికెట్ కలెక్టరు. భారతదేశంలో దేశాటనతో చదువుకున్నవాళ్ల వెనక శతాబ్దాలుగా ఈ అన్నసత్రాల వ్యవస్థే ఉంది. అది అందరికీ తెరిచిన తలుపు కాదు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన మగపిల్లవాడికి కాశీలోనూ తిరుమళిశైలోనూ దొరికిన పీట, జబాల కొడుకులాంటివాడికి 20వ శతాబ్దంలో కూడా దొరికేది కాదు. పదకొండేళ్లనాడు కట్టబెట్టిన భార్య ఆ ఊళ్లోనే జీవితమంతా గడిపింది. యాభై ఏళ్లు నిండేదాకా ఆజంగఢ్ నేల తొక్కనని ఒట్టు పెట్టుకున్న రాహుల్ 1943లో వెళ్లి ఆమెను చూశాడు. బాల్యవివాహాన్ని ఆయన ఒప్పుకోలేదు, అది న్యాయమే. కానీ ఆ తిరస్కారం ఖర్చంతా పడ్డది ఆమె మీద. సంచారం గురించి రాసే పుస్తకాలు ఈ పద్దును సాధారణంగా రాయవు.

సొంతంగా నేర్చుకున్నవాడు ఒక మతం వదిలి ఇంకో మతం పట్టుకుంటూ పోతే, అది వెతుకులాటా, లేక దేనికో దానికి లొంగిపోవాలన్న తహతహా? ఈ ప్రశ్నను సూటిగా అడిగినవాడు అమెరికాలోని ఎరిక్ హోఫర్. అతనూ బడి ఎరగడు. 1930లలో కాలిఫోర్నియా తోటల్లో సీజను కూలీగా తిరుగుతూ, రైలుదారి వెంట ఉన్న ఊళ్ల గ్రంథాలయాల్లో చదువుకున్నాడు. బంగారం వెతకడానికి కొండల్లోకి పోతూ, మంచులో చిక్కుకుంటే కాలక్షేపానికని బాగా లావుగా ఉన్న పాత పుస్తకం ఒకటి కొనుక్కున్నాడు. అది మాంటేన్ వ్యాసాలు. 1943 నుంచి 1967 దాకా శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో ఓడసరుకు దించే పని చేశాడు. ఆ మధ్యలోనే, 1951లో, ద ట్రూ బిలీవర్ వచ్చింది. తనమీద తనకు నమ్మకం పోయినవాడు దేన్నో ఒకదాన్ని పట్టుకుంటాడు, ఏ ఉద్యమమన్నది తర్వాతి మాట, అందుకే ఒక మూఢవిశ్వాసి ఇంకో మూఢవిశ్వాసంలోకి అవలీలగా దూకగలడు అన్నది అందులోని వాదం. (తన చిన్నతనం గురించి హోఫర్ చెప్పుకున్నదానికి అతని నోటిమాట తప్ప వేరే సాక్ష్యం దాదాపు లేదు. ఆప్తుడి సమస్య ఇక్కడా తప్పలేదు.)

ఈ కొలబద్ద రాహుల్‌కు సగమే సరిపోతుంది. ప్రతి కొత్త మలుపులోనూ ఆయనలో ప్రచారకుడి ఆవేశం ఉన్న మాట నిజం. సోవియట్ దేశం మీద రాసిన పుస్తకాల్లో టిబెట్‌లో చూపించిన నిశితమైన చూపు లేదు. అదే మనిషి 1947 చివర బొంబాయి హిందీ సాహిత్య సమ్మేళనానికి అధ్యక్షుడిగా సిద్ధం చేసుకున్న ప్రసంగాన్ని, హిందీ ఉర్దూల విషయంలో పార్టీ విధానానికి విరుద్ధంగా ఉందన్నా, మార్చనని కూర్చుని పార్టీకి దూరమయ్యాడు. మళ్లీ చేరింది 1955లో. లొంగిపోవడానికి చోటు వెతుక్కునేవాడు అంత తేలిగ్గా ఆ చోటును వదులుకోడు. తెప్ప ఉపమానాన్ని ఆయన తన ఆత్మకథకు తలమానికంగా పెట్టుకోవడం ఊరికే కాదు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. గురువు లేనివాడికి తప్పు దిద్దేవాడు ఉండడు. 1942లో హజారీబాగ్ జైల్లో రాసిన వోల్గా సే గంగా, తెలుగులో ఓల్గా నుంచి గంగకు, తరతరాల పాఠకుల చేత చరిత్ర అనిపించుకున్న కథల పుస్తకం. ఇరవై కథల్లో క్రీస్తుపూర్వం 6000 నుంచి 1942 దాకా నడుస్తుంది. సమాజం మెట్లు మెట్లుగా మారిందన్న నమూనా ముందే సిద్ధంగా ఉంది, మనుషులు అందులోకి వచ్చి నిలబడ్డారు. జైల్లో సరిచూసుకోవడానికి పుస్తకాలు చాలవు, కాదనడానికి సాటి పండితుడు లేడు. ప్రాచీన కాలం గురించి అందులో ధీమాగా చెప్పినవాటిలో చాలా సంగతులు తర్వాతి పరిశోధన ముందు నిలవవు. తత్త్వదర్శనాల మీద ఆయన రాసిన దర్శన దిగ్దర్శనంలో కూడా గ్రీకుల నుంచి ఇస్లాం తత్త్వవేత్తల దాకా ఒక్కచేత్తో పరిచయం చేసిన సాహసం ఎంత మెచ్చదగ్గదో, శంకరుడి మీద చేసిన విసురు అంత తొందరపాటుది.

ప్రమాణవార్తికం విషయంలో అలా కాలేదు. అక్కడ ప్రతి అక్షరానికీ తాళపత్రం సాక్షి. పాఠం తప్పు చదివితే టిబెటన్ అనువాదంతో పోల్చి ఎవరైనా పట్టుకోవచ్చు. బౌద్ధతర్కంలో అప్పటికి పెద్ద దిక్కయిన షెర్‌బాత్‌స్కీ పిలుపు మీద ఆయన 1937లో లెనిన్‌గ్రాడ్ వెళ్లాడు. 1945 నుంచి 1947 దాకా అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పాడు. 1959లో, ముప్పై ఏళ్ల కింద పాళీ నేర్చుకున్న విద్యాలంకారలోనే, అప్పటికి విశ్వవిద్యాలయమైన చోట, తత్త్వశాస్త్ర ఆచార్యుడయ్యాడు. సత్యకాముడు గౌతముడి దగ్గరికి తిరిగి వచ్చినట్టే ఇది. బయట సంపాదించుకున్నదాన్ని తెలిసినవాళ్ల ముందు పెట్టి, సరిచూడమని అడగడం. ఆయన పుస్తకాల్లో నిలిచినవి, నిలవనివి ఏవేవని చూస్తే గీత దాదాపు ఇక్కడే పడుతుంది. సాటివారు సరిచూడగలిగిన పని నిలిచింది. ఒంటరిగా కూర్చుని తీర్పులు చెప్పిన చోట పునాది కదిలింది. కాబట్టి సామెత సగమే నిజం. కళ్లు తెరిపించడానికి గురువు లేకపోయినా గడుస్తుంది. చూసింది ఏమిటో విని, అవును కాదు చెప్పేవాడు లేకపోతే గడవదు.

1961 చివర రాహుల్ జ్ఞాపకశక్తి పోయింది. మాస్కోలో వైద్యం చేయించినా తిరిగి రాలేదు. 1963లో పద్మభూషణ్ ఇచ్చారు. అదే ఏడు ఏప్రిల్ 14న డార్జిలింగ్‌లో చనిపోయాడు. ఆయన పరిష్కరించిన ప్రమాణవార్తికం 1938లో పట్నాలోని బీహార్, ఒరిస్సా పరిశోధన సంఘం పత్రికలో అచ్చయింది. ధర్మకీర్తి మీద పనిచేసేవారు ఇవాళ్టికీ ఆ ముద్రణను చూస్తుంటారు.